ఖాజాబీ విల్లు

దర్శిలో పెళ్లయినా, పుట్టినరోజయినా, చర్చిలో కూటాలయినా సౌండు బాక్సులు కట్టేది నేనే. నా పేరు ఏసుబాబు. ఈ పనిలో ఉన్నవాడికి ముందు చెవులు పోతాయంటారు. నాకు చెవులు పోలేదు గానీ ఓపిక పోయింది. ఇప్పుడు పెళ్లంటే డీజే, డీజే అంటే గుండెల మీద రోకలి పోట్లు. పెళ్లికొడుకు తాత ఛాతీ పట్టుకుని పక్క సందులోకి పోతుంటే, పెళ్లికొడుకు స్నేహితులు నా దగ్గరకొచ్చి బేస్ ఇంకొంచెం పెంచమంటారు. అలాంటి నేను ఒక పెద్దావిడ కొట్టే విల్లు ముందు మైకు పట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నానంటే, ఆ విల్లు సంగతేమిటో మీకు చెప్పాలి. చెబుతుంటే నాకు గర్వంగా ఉంటుంది. దాచుకోవలసిన అవసరం కూడా లేదు.

ఆవిడ పేరు ఖాజాబీ. నా షాపుకు ఎదురుగా ఉన్న పరుపుల కొట్టు వాళ్లదే. నూర్‌బాషాలు. ఊళ్లో వాళ్లు దూదేకుల సాయిబులంటారు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, పాడుకునేదీ తెలుగే. గింజ తీసిన పత్తిని విల్లుతో ఏకి, ముద్దలన్నీ విడగొట్టి, పరుపుల్లో బొంతల్లో నింపడం వాళ్ల తాతల నాటి పని. ఆ విల్లు మనిషంత పొడవుంటుంది. మేక పేగుతో పేనిన నరం దానికి కడతారు. దాన్ని దూలానికి వేలాడదీసి, నరాన్ని దూదిలోకి దించి, చేతిలో పట్టే కొయ్య గుండుతో కొడతారు. అప్పుడు దూది పొగలాగా లేస్తుంది, నరం టంయ్ మంటుంది.

ఖాజాబీకి ఊహ తెలియక ముందే తల్లి పోయింది. తండ్రి బుడాన్ సాయిబు ఒక భుజాన విల్లు, ఒక భుజాన పిల్ల, అలాగే ఊళ్లు తిరిగాడు. చలి మొదలయ్యే రోజుల్లో, కొత్త పత్తి ఇళ్లకు చేరగానే, దర్శి నుంచి తూర్పుకు బయలుదేరేవాళ్లు. అద్దంకి, పర్చూరు, కాకుమాను దాటి పొన్నూరు దాకా వాళ్ల దారి. సరిగ్గా ఆ రోజుల్లోనే నల్ల రెక్కల మీద నీలి చారలున్న సీతాకోకచిలుకలు సముద్రం వైపు నుంచి పడమటి కొండలకు గుంపులు గుంపులుగా పోతుంటాయి. వీళ్లు ఇటు నుంచి అటు, అవి అటు నుంచి ఇటు. మిరప చేల మీదుగా, పత్తి చేల మీదుగా వచ్చి దారిలో ఎదురుపడేవి. ఎదురుపడిన వాళ్లను ఏ ఊరి నుంచి వస్తున్నారని అడగడం మనకు అలవాటు కదా. బుడాన్ సాయిబు పెద్దలు చిలుకల్ని కూడా అడిగారు. అలా అడగడమే పాటయింది.

*సీతాకోక చిలకమ్మా, తూరుపు నుంచి వచ్చావా?*
*అద్దంకి దాటి వచ్చావా? అరిగిన బొంత చూశావా?*
*పర్చూరు దాటి వచ్చావా? పరుపు చినిగిన ఇల్లుందా?*
*కాకుమాను దాటి వచ్చావా? కన్నెకు పెళ్లి కుదిరిందా?*
*పొన్నూరు దాటి వచ్చావా? పోతే లోనికి రమ్మంటారా?*

ఒక్కో ఊరి ప్రశ్న అడిగి, గొంతు ఆపేసి, కాసేపు విల్లు మాత్రమే కొట్టాలి. ఆ ఖాళీ ఎందుకని చిన్నప్పుడు ఖాజాబీ తండ్రిని అడిగిందట. "జవాబు మనది కాదమ్మా, అటునుంచి వచ్చేవాళ్లది" అన్నాడట ఆయన. పొన్నూరు వైపు దూదేకుల వాళ్లు చిలుకల వెంట పడమటికి వచ్చేవాళ్లు. రెండు జట్లూ దారిలో ఏ సావిట్లోనో కలిస్తే, వీళ్లు అడిగేవాళ్లు, వాళ్లు చిలుకల తరఫున చెప్పేవాళ్లు. ఖాజాబీకి ఊహ తెలిసేసరికే అటు జట్టు రావడం మానేసింది. ఆవిడ జీవితంలో ఒక్కసారి కూడా జవాబు వినలేదు. అయినా ఆ ఖాళీని మాత్రం ఎప్పుడూ దాటేయలేదు.

వాళ్లలో ఇంకో ఆచారం ఉండేది. నిఖా రోజు ఉదయం పెళ్లికూతురి ఇంట్లో ఆమె పరుపుకు కావలసిన దూదిని విల్లుతోనే ఏకాలి, ఏకుతూ ఆ దారి పాట పాడాలి. పెళ్లికూతురు ఎదురుగా కూర్చుని వినాలి. ఖాజాబీ పెళ్లికి బుడాన్ సాయిబు అలాగే ఏకాడు. అదే ఆఖరు. తర్వాత భర్త దూది మిషను కొన్నాడు. ఒకవైపు పత్తి వేస్తే మరోవైపు దూది వస్తుంది, మధ్యలో లారీ స్టార్టు చేసినట్టు రొద. ఆ మనిషి తప్పేమీ లేదు. విల్లు భుజాన వేసుకుపోతే "ఏయ్ దూదేకులోడా" అని పిలిచినవాళ్లే, మిషను పెట్టాక "ఓనరు గారూ" అన్నారు. విల్లు అటకెక్కింది. పాట ఖాజాబీ నోట్లోనే ఉండిపోయింది.

భర్త పోయాక, ఒక ఎండాకాలం, ఎవరిదో పెళ్లి పరుపు చేతిలో ఉండగా కరెంటు పోయింది. పోయినది వస్తుందనుకుంటే రాలేదు. ఖాజాబీ కొడుకు ముస్తాక్ మిషను పక్కన కూర్చుని కరెంటు వాళ్లను తిడుతున్నాడు. ఆవిడ నిచ్చెన వేసుకుని అటకెక్కి విల్లు దించింది. నరాన్ని ఎలుకలు తినేశాయి. ముస్తాక్ తెలివి చూపించి మోటారు సైకిలు బ్రేకు వైరు బిగించాడు. ఆ వైరు దూదిని ఏకలేదు, కోసింది. చప్పుడు బిందె మెట్ల మీద దొర్లినట్టు వచ్చింది. "మీ నాన్న మిషను తెచ్చి విల్లును పడుకోబెట్టాడు, నువ్వు దాని పీక కోశావు" అని కొడుకును తిట్టి, మాంసం కొట్టు కలీం దగ్గర పేగు తెప్పించి, తనే శుభ్రం చేసి, పేని, ఆరబెట్టి బిగించింది.

మొదటి దెబ్బ నేను నా షాపులో ఉండి విన్నాను. ఇన్నేళ్లుగా రకరకాల బాక్సులు కట్టాను, అలాంటి చప్పుడు ఏ బాక్సులోంచీ రాలేదు. లోతుగా ఉంది, మెత్తగా ఉంది, చెవిని కొట్టకుండా లోపలికి పోతోంది. రోడ్డు దాటి వెళ్లి మైకు పెట్టి, "పెద్దమ్మా, దూది పక్కకు తీసి ఉత్తనే కొట్టు, సౌండు క్లియరుగా వస్తుంది" అన్నాను.

"ఒరేయ్ ఏసూ, ఉత్త గాలిలో విల్లు పాడదురా. దాని నోట్లో దూది ఉండాలి" అంది.

కొట్టి చూపించింది. దూది లేకుండా నరం గరగరలాడింది. దూదిలోకి దించితే మళ్లీ ఆ గొంతే వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ చెప్పినచోట మైకు పెట్టడమే నా పని.

తర్వాత అది ఆగలేదు. వీధిలో పత్తి తీతకు పోయే ఆడవాళ్లు సాయంత్రాలు వచ్చి కూర్చునేవాళ్లు. మా చర్చి పాటల్లో ముందు గొంతు రెబ్కాది. ఆమె కూడా వచ్చి ఖాజాబీ వెనక గొంతు కలిపేది. నేను రికార్డు చేసి ఫోన్లలో పంపాను. గుంటూరు కాలేజీ పిల్లలు పిలిచి స్టేజీ మీద కూర్చోబెట్టారు. ఎక్కడెక్కడి దూదేకుల ఇళ్ల వాళ్లో ఫోను చేసి, మా అటక మీద కూడా విల్లుంది, నరం ఎలా పేనాలి అని అడిగారు. ఆవిడ ఫోనులోనే నేర్పింది. పీక బొంగురుపోయేదాకా నేర్పింది.

అందరూ మెచ్చుకున్నారని చెప్పను. వాళ్ల కులంలోనే కొందరు మగవాళ్లు ఇంటికొచ్చి, "మన పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు. మళ్లీ ఈ విల్లు బయటపెట్టి పరువు తీస్తున్నావు" అన్నారు. ఆవిడ పని ఆపలేదు. "నీ పెళ్లి పరుపుకు దూది మా కొట్టులోనే ఏకాం కదరా. అప్పుడు నీ పరువు దాని మీదే సుఖంగా పడుకుందిగా" అంది. వాళ్లు టీ తాగకుండానే వెళ్లిపోయారు.

ఆ మాట మగవాళ్ల దగ్గర చెల్లింది. మనవరాలి పెళ్లి దగ్గర చెల్లలేదు.

ముస్తాక్ కూతురు షాహిస్తా. తాడేపల్లిలో నర్సుగా పనిచేస్తుంది. అక్కడే పరిచయమైన వాసిం అనే కుర్రాణ్ణి ఇష్టపడింది. వాసిం తండ్రి మీరా హుస్సేన్ పొన్నూరులో బియ్యం వ్యాపారి. పెద్దమనిషి, తెల్ల చొక్కా నలగని మనిషి. ఇరువైపులా ఒప్పుకున్నారు. ఖాజాబీ ఆనందం ఒకటే, తన పెళ్లి తర్వాత మళ్లీ ఆ ఇంట్లో పెళ్లి పరుపుకు విల్లు మోగుతుందని. షాహిస్తా కూడా అదే కోరింది. ఈ సంగతి తెలిసి మీరా హుస్సేన్ గారే దర్శి వచ్చారు. నేను ఆ సమయానికి అక్కడే ఉన్నాను.

"అత్తయ్యగారూ, తప్పుగా అనుకోవద్దండి. మా చుట్టాలంతా మిల్లుల వాళ్లు. మేం మొదట్నించీ బియ్యం వాళ్లమనే అందరికీ తెలుసు. ఈ దూది, విల్లు అంతా ఎందుకండి? మంచి ఫోము పరుపు నేనే కొంటాను" అన్నారు.

ముస్తాక్ తలవంచుకున్నాడు. పెళ్లి చెడిపోతుందేమోనని వాడి భయం. ఖాజాబీ గొంతు పెంచలేదు. "హుస్సేను గారూ, మా నాన్న విల్లుతోనే నన్ను పెంచాడు. అది సిగ్గుపడే పనయితే నేను సిగ్గుపడాల్సిన మనిషినే. అలాంటి ఇంటి పిల్లను మీరెందుకు చేసుకోవడం? విల్లు మోగకుండా మా పిల్ల గడప దాటదు" అంది.

షాహిస్తా నాయనమ్మ పక్కకొచ్చి నిలబడింది. నాయనమ్మ మాట నెగ్గితే పెళ్లి పోతుంది, నెగ్గకపోతే నాయనమ్మ పోతుంది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి మీరా హుస్సేన్ గారే మెత్తబడ్డారు. దర్శిలో మీ ఇంట్లో ఏం చేసుకున్నా మీ ఇష్టం, నిఖా మర్నాడు పొన్నూరులో మేమిచ్చే వలీమా విందులో మాత్రం విల్లు మాట ఎత్తకూడదన్నారు. ఖాజాబీ ఒప్పుకుంది. ఒప్పుకుందే గానీ, ఆ రాత్రి అన్నం తినలేదని ముస్తాక్ చెప్పాడు. పాట పొన్నూరు వాకిట్లో ఆగిపోవడమేగా అది.

నవంబరులో నిఖా. ఆ ఉదయం ఇంటి వెనక రేకుల షెడ్డులో విల్లు వేలాడదీశారు. షాహిస్తా పసుపు దుపట్టాతో ఎదురుగా కూర్చుంది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. నేను మైకు సర్దుకున్నాను. ఖాజాబీ గుండు ఎత్తేసరికి పొన్నూరు కార్లు వచ్చాయి. మీరా హుస్సేన్ గారు మర్యాదకు షెడ్డు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయారు, లోపలికి అడుగు పెట్టలేదు.

పాట మొదలైంది. చిలకమ్మను పిలిచి, అద్దంకి అడిగి, గొంతు ఆపి ఖాళీలో విల్లు కొట్టింది. దూది తెల్లగా లేస్తోంది. రేకుల కింద ఉక్క. వియ్యంకుడి నుదుటి మీద చెమట చూసి ముస్తాక్‌కు మర్యాద పొంగుకొచ్చింది. మూల ఉన్న స్టాండు ఫ్యాను ఆయన వైపు తిప్పి స్విచ్ వేశాడు. వాడు మిషను కాలం వాడు. మిషనులో దూది పెట్టెలోపలే ఉంటుంది, ఫ్యాను వేసుకున్నా ఫర్వాలేదు.

ఏకిన దూదంతా ఒక్కసారి లేచింది. పెళ్లికూతురి మీద, నా మైకు మీద, గుమ్మంలో ఉన్న పెద్దమనిషి జుట్టు మీద, మీసం మీద పడింది.

"ఫ్యాను కట్టెయ్. దూది ఏకేచోట ఫ్యాను వేస్తారటయ్యా ఎవరన్నా? ముందు ఆ కిటికీ మూయండి. గోనెపట్టా తడిపి గుమ్మానికి కట్టండి" అని అరిచారు మీరా హుస్సేన్ గారు. అరుస్తూనే చెప్పులు విప్పేసి లోపలికొచ్చి, రెండు చేతులతో దూదిని లోపలికి కూడదీస్తున్నారు. అరచేతుల్ని గిన్నెలాగా వంచి, నలగకుండా. బియ్యం బస్తాలు లెక్కపెట్టేవాడికి ఆ చేతులు రావు.

ఆయనకూ అప్పుడే తెలిసింది తనేం చేస్తున్నాడో. ఖాజాబీ ఆయన్ను ఒక్క మాట కూడా అడగలేదు. గుండు ఎత్తి అద్దంకి ప్రశ్నే మళ్లీ అడిగింది, ఆపింది, ఖాళీలో విల్లు కొడుతూ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తలెత్తలేదు. దూది కూడదీస్తూనే, గొంతులోపలే అన్నారు.

*అద్దంకి దాటి వచ్చానయ్యా, అరిగిన బొంత చూశానయ్యా,*
*అవ్వ ఒకతి వణికిందయ్యా, ఆలస్యం వద్దన్నాదయ్యా.*

ఖాజాబీ చేయి తప్పలేదు. కానీ నా చెవుల్లో ఉన్న హెడ్‌ఫోనులో ఆవిడ ఊపిరి వినిపించింది. తండ్రి చెప్పిన జవాబు, ఉందో లేదో కూడా తెలియని జవాబు, మూడడుగుల దూరంలో కూర్చుని ఉంది. పర్చూరు అడిగింది, చెప్పారు. కాకుమాను అడిగింది. "కన్నెకు పెళ్లి కుదిరిందయ్యా, కట్టిన పత్తి సిద్ధమయ్యా" అని చెబుతూ ఆయన కోడలి వైపు చూశారు. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది.

ఆఖరిది పొన్నూరు. పోతే లోనికి రమ్మంటారా? ఆవిడ అడిగి ఆపింది. విల్లు మోగుతోంది. ఆయన చేతులు ఆగిపోయాయి.

"మా నాన్న ఈ పాట పాడుకుంటూ మా చుట్టుపక్కల ఊళ్లలోనే నన్ను వెంటబెట్టుకుని తిరిగేవాడండి" అన్నారు. "పొన్నూరులోనే ఒక పెద్ద ఇంట్లో దూది ఏకించుకుని, అన్నం పశువుల కొట్టంలో పెట్టారు. ఆ పూట విల్లు విరిచి పొయ్యిలో పెట్టాడు. ఇక మనం బియ్యం వాళ్లమని చెప్పమన్నాడు. చెప్పాను. ఇన్నేళ్లూ అదే చెప్పాను. ఈ ఒక్కదానికి నన్ను జవాబడక్కండి అత్తయ్యగారూ."

లేచి, దూది దులుపుకోకుండానే బయటకు వెళ్లిపోయారు. ఖాజాబీ ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి పని ముగించింది. పరుపు కుట్టారు, నిఖా అయింది, ఎవరికీ ఏ లోటూ జరగలేదు. అయినా నాకు మనసు బాగాలేదు.

మర్నాడు పొద్దున్నే ముస్తాక్‌కు వియ్యంకుడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వచ్చేటప్పుడు విల్లు తెమ్మన్నారు, ఏసుబాబును బాక్సులతో రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. వ్యానులో పరుపు, విల్లు, నా బాక్సులు, మేము. పర్చూరు దాటాక చేలగట్ల మీద ఎండిన జనుము చెట్లు కనిపించాయి. వాటి నిండా నల్ల రెక్కలు, నీలి చారలు. ఖాజాబీ వ్యాను ఆపించి దిగింది. చిలుకలు లేచి మా మీదుగా పడమటికి సాగాయి. వాటి పక్కన మిరప చేనులో మందు కొడుతున్నవాడు మమ్మల్ని వింతగా చూశాడు. ఆవిడ చిలుకల్ని ఏమీ అడగలేదు. "పదండి, ఆ ఇంటివాళ్లనే అడుగుదాం" అని వ్యానెక్కింది.

పొన్నూరు ఫంక్షన్ హాలు నిండా మిల్లుల వాళ్లు, వ్యాపారులు. మీరా హుస్సేన్ గారు హాలు గేటు దగ్గర మాకోసం నిలబడి ఉన్నారు. పరుపు దించబోతే ముస్తాక్‌ను ఆపి, తన భుజానికే ఎత్తుకున్నారు. అంత మంది మధ్యలోంచి మోసుకెళ్లి స్టేజీ మీద పెట్టారు. దాని పక్కనే విల్లు కట్టించి, కింద కాస్త దూది వేయించారు. హాలులో ఒక్కొక్కరే తినడం ఆపేశారు. నేను మైకు ఇస్తే ఆయన రెండు చేతులతో అందుకున్నారు.

"ఇది మా కోడలి పరుపండి. వాళ్ల నాయనమ్మగారు ఏకారు. కూడదీసింది నేను. మా నాన్న దూదేకేవాడండి, మా తాత కూడా. మీకెవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను" అన్నారు. ఆ తర్వాత ఖాజాబీ వైపు తిరిగి, "ఇప్పుడు అడగండి అత్తయ్యగారూ" అన్నారు.

వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. నేను బాక్సుల సౌండు కొంచెం పెంచాను. ఆ మాత్రం నాకు తెలుసు. ఖాజాబీ గుండు ఎత్తి ఆఖరి ప్రశ్న ఒక్కటే అడిగింది. పొన్నూరు దాటి వచ్చావా, పోతే లోనికి రమ్మంటారా? నరం దూదిలో మోగింది. ఆయన మైకు పక్కన పెట్టేసి, నిండు గొంతుతో చెప్పారు.

*పొన్నూరు దాటి వచ్చానయ్యా, పొయ్యి మీద ఎసరుందయ్యా,*
*పరాయివాళ్లు కాదన్నారు, పొద్దుండగానే రమ్మన్నారు.*

ఖాజాబీ గుండు కింద పెట్టింది. విల్లు మోత ఇంకా ఆగలేదు. "మా నాన్నకు చెబుతాలే" అంది ఆవిడ. తర్వాత స్టేజీ దిగి, ఆయన చూపించిన మొదటి వరస కుర్చీలో కూర్చుని, వడ్డించమంది.